లొల్లి లేని షెడ్డు

భాగ్యశ్రీ, గా ఫోను జర పక్కకు పెట్టి ఇటు రా బిడ్డా. ఇంకా దగ్గరికి జరుగు. నా మోకాలు మీద చెయ్యి ఏసి కూసో, గట్లయితె నువ్వు ఇంటున్నవో కునుకుతున్నవో నాకు ఎరుకైతది.

మొన్న నిన్ను కంపెనీల పెద్దదాన్ని చేసిండ్రని మీ అమ్మ వాడంత మిఠాయి పంచింది. నీ కింద కొంతమంది పని చేస్తరంట. నిన్న బువ్వ తినుకుంట నువ్వొక మాటన్నవ్. "అమ్మమ్మా, మా దగ్గర అందరు మంచిగున్నరు, ఎవ్వలు ఏం అంటలేరు, ఒక్క కంప్లైంట్ లేదు" అన్నవ్. నువ్వు సంబురంగనే అన్నవ్. నాకే ముద్ద దిగలె. ఎవ్వలు ఏం అంటలేరు అనే మాట నేను ఇంతకుముందు ఒకసారి ఇన్న. ఎవని నోట ఇన్ననో, ఆ ఎనక ఏమైందో చెప్త. పెద్ద కత కాదు. ఇందుల కొట్లాటలు లేవు, పోలీసులు లేరు. మా షెడ్డు కత.

నువ్వు ఇంటరు చదివేటప్పుడు నేను పనికి పోయేదాన్ని, యాదికుందా? మన ఇబ్రహీంపట్నం నుంచి మంచాల పోయే తొవ్వల రేకుల షెడ్డు. చుట్టుపక్కల ఊర్ల రైతులు కూరగాయలు తెచ్చి ఆడ దించేది. మేము ఆడోళ్లం కూసోని ఏరేది. మంచియి ఒక దిక్కు, పుచ్చులు ఒక దిక్కు. ఏరినయి క్రేట్లల్ల పెడితె, పొద్దుమీకి లారీలు వచ్చి పట్నంల పెద్ద దుకాండ్లకు తీస్కపోయేది. నేను కొత్తిమీర, పుదీన కట్టలు కట్టేదాన్ని, నా పక్కన ఇంద్రమ్మ. ముసలిదాన్ని గద, బరువు పని నాకు చెప్పకపోయేది.

టమాట కాడ యాదలక్ష్మి కూసునేది. మనిషి పొట్టిది, గొంతు మాత్రం తొవ్వ మీద బస్సుల పోయేటోళ్లకు గూడ ఇనవడేది. ఏ టమాట దోరది, దూరం పోయినా ఆగుతది, ఏది పండింది, ఇయ్యాల్లనే అమ్మాలె, సూడంగనే చెప్పేది. ఆమె పక్కన సునంద. మంచాల జాకబ్ పెండ్లాం. జాకబ్ ఆటో నడుపుతడు, ఆదివారం చర్చిల డోలు కొడ్తడు. యాదలక్ష్మి ఎల్లమ్మకు బోనం ఎత్తేది, సునంద ప్రార్థనలకు పోయేది. ఒకల దేవున్ని ఒకలు ఏమనకపోయేది గని మిగతా ప్రతి దానికి కొట్లాడుకునేది. నీ కూరల ఉప్పు ఎక్కువైందంటె నీ కూరల లేనే లేదని. పగటీలి సద్దులు ఇప్పినమంటె ఎవ్వలి కూర వాళ్లు తినకపోయేది. డబ్బ మూతల ఇంత కూరేసి పక్కకు జరుపుతె, ఆ మూత అందరి ముంగట తిరిగి తిరిగి, ఖాళీగ వచ్చి మళ్ల నీ కాడనే ఆగేది. సునంద చింతచిగురు పప్పు తెస్తె ఆ మూత సగం తొవ్వలనే ఖాళీ.

గా షెడ్డుకు మేనేజరుగ రాకేశ్ వచ్చిండు. సన్నటి పిలగాడు, పెద్ద సదువు సదివిండు. వచ్చిన దినమే తెల్ల బూట్లు ఏసుకొని టమాట రసంల నడుసుకుంట వచ్చిండు. యాదలక్ష్మి ఊకుంటదా?

"ఏం తమ్మీ, పెండ్లి సూపులకు పోవుకుంట తొవ్వ తప్పినవా?"

"కాదక్కా, ఆఫీసుకే వచ్చిన."

"ఆఫీసా? ఏడుంది? సునందా, నీకేమన్న కనవడ్తుందా?"

"అగో, ఆ మూలకు ఎలుకలు తిరిగే రూము లేదా? గదే ఆఫీసంట," అన్నది సునంద.

అందరం నవ్వినం. ఆ పిలగాడు గూడ నవ్విండు. "నేను బయటోన్ని కాదక్కా. కందుకూరు బాలనర్సింహ కొడుకుని" అన్నడు.

"టమాట బాలనర్సింహనా? అయ్యో, మొన్న ఆయన తెచ్చిన సరుకుల సగం పుచ్చులే. మీ బాపుకు చెప్పు తమ్మీ, యాదక్క తిట్టిందని."

"ఇంటికాడ మా అవ్వ రోజు తిడ్తనే ఉంటది అక్కా, నువ్వు గూడ ఎందుకు" అన్నడు. గా మాటతోని మా అందరికి మనోడైండు.

ఆ దినం సంది ఆయన అందరికి తమ్మి. నాకు బిడ్డ. ఆయన నన్ను సుక్కవ్వా అనేది. రోజు ఏదో ఒక లొల్లి. ఫ్యాను తిరుగుతలేదు తమ్మీ. నీళ్లు ఉప్పగున్నయి తమ్మీ. బాత్రూం తలుపుకు గొళ్లెం లేదు, ఒకలు లోపటికి పోతె ఒకలు కావలి ఉండాల్నా, నీ ఇంట్ల గిట్లనే ఉంటదా తమ్మీ. యాదలక్ష్మి మొదలు పెట్టేది, సునంద అందుకునేది, మిగతోళ్లం ఊ అనేది. పాపం ఆ పిలగాడు తల పట్టుకొని నా దగ్గరికి వచ్చి, "సుక్కవ్వా, వీళ్లు ఎప్పుడన్న సప్పుడు జేయకుంట ఉంటరా?" అని అడిగేది. "సచ్చినంకనే బిడ్డా" అని నేను నవ్వేదాన్ని.

వానకాలంల సునందకు జరం వచ్చింది. డెంగీ అన్నరు. పట్నం దవాఖానకు తీస్కపోయిండ్రు. తగ్గుతుంది, తగ్గుతుంది అని జాకబ్ ఫోను చేసేది. ఒకనాడు పొద్దుగాల మేము షెడ్డుల కాలు పెట్టంగనే యాదలక్ష్మి ఫోను మోగింది. ఎత్తి చెవి కాడ పెట్టుకుంది. అవతల ఏం చెప్పిండ్రో, ఈమె "ఆ... ఆ..." అనుకుంట ఇన్నది. పెట్టేసి మా దిక్కు సూసింది. అడిగేటట్టు లేకుండె ఆమె ముఖం.

యాదలక్ష్మి ముంగట, మేమందరం ఎనక, రాకేశ్ రూము కాడికి పోయినం.

"తమ్మీ, సునంద లేదు."

ఆ పిలగాడు కుర్సీల నుంచి లేచిండు. "అయ్యో. ఎప్పుడక్కా?"

"మబ్బుల, ఇంకా తెల్లారకముందే. ఇంటికి తెస్తున్నరు. పగటీలికి తీస్కపోతరంట. మేమందరం పోతం."

మనకాడ ఎట్లనో నీకు తెలుసు గద బిడ్డా. పక్కన కూసోని తిన్న మనిషి పోయిందంటె పోవాలె. ముఖం సూడాలె, పిడికెడు మన్ను ఏయాలె. పైసలున్నా లేకున్నా, పడ్డా పడకున్నా, గది ఒక్కటి ఇడిసిపెట్టరు. గది అడిగి పోయేది గూడ కాదు. చెప్పి పోయేది. యాదలక్ష్మి చెప్పనీకే పోయింది.

రాకేశ్ చేతుల ఫోను మోగుతుంది. సూసిండు, కట్ చేసిండు. మళ్ల మోగింది. పట్నంల ఆయన మీద క్రాంతికుమార్ అని ఇంకో పెద్ద సారు, ఫోను ఆయనదే. ఆ దినం పండుగ లోడ్, రోజుకన్న మస్తు ఎక్కువ సరుకు పోవాలె.

"అక్కా, అందరు పోతె ఇయ్యాల్ల షెడ్డు మూసుడే" అన్నడు. "ఒక పని చేద్దాం. ఇద్దరు పోండ్రి. సుక్కవ్వ, ఇంద్రమ్మ పోయొస్తరు. కంపెనీ తరఫున పెద్ద దండ తెప్పిస్త."

"నేనో?" అన్నది యాదలక్ష్మి.

"నువ్వు లేకుంటె లోడ్ ఎట్ల పోతదక్కా? ఏది దోరదో ఏది పండో నీ కన్నుకే ఎరుక. నీ మీదనే ఉంది అంత. నువ్వు ఉండాలె."

మెచ్చుకున్నట్టే అన్నడు. ఆయన మనసుల గూడ మెచ్చుకున్నట్టే ఉండెనేమో. నేను ఇప్పుడు పిడుగు పడ్తది అనుకున్న. ఇంద్రమ్మ నా చెయ్యి పట్టుకుంది. యాదలక్ష్మి ఆయన ముఖంల ముఖం పెట్టి సూసింది.

"సరే సార్" అన్నది.

పోయి టమాట కుప్ప కాడ కూసుంది. ఆమె ఎనక మిగతోళ్లు పోయి ఎవ్వల జాగల వాళ్లు కూసున్నరు. మా ఆడోళ్ల నోట సార్ అన్న మాట ఆ షెడ్డుల నేను ఇనుడు అదే మొదాలు. రాకేశ్ ఇన్నడో లేదో. ఆయన ఫోను ఎత్తి, "ఆ సార్, లోడ్‌కు ఏం ఫికర్ లేదు సార్" అంటుండు.

నేను, ఇంద్రమ్మ దండ పట్టుకొని బస్సెక్కినం. దండకు ఎర్ర రిబ్బన్, దాని మీద కంపెనీ పేరు. బస్సుల దాన్ని ఒళ్లె పెట్టుకుంటె అందరు సూస్తుండ్రు. మంచాలల జాకబ్ ఇంటి ముంగట పెట్టె పెట్టిండ్రు. సునందకు తెల్ల చీరె కట్టిండ్రు. నిద్రపోయినట్టుండె. నేను కాళ్ల కాడ కూసున్న. జాకబ్ మమ్మల్ని సూసి, మా ఎనక తొవ్వ దిక్కు సూసిండు.

"యాదక్క ఏది?"

"వస్తలేదు కొడుకా. లోడ్ ఉంది" అన్న.

ఆయనకు అర్థం కాలె. పాస్టరు ప్రార్థన అయిపోయింది, మూత పెడ్తమన్నరు. జాకబ్ చెయ్యి అడ్డం పెట్టి, "జర ఆగుండ్రి పాస్టరుగారూ, యాదక్క వస్తది" అన్నడు. ఆగిండ్రు. వానమొగులు కమ్మింది. ముసలోళ్లు గొణిగిండ్రు. నేను మళ్ల చెప్పిన, రాదు కొడుకా అని. ఇంకా జర ఆగిండు. ఆ ఎనక ఆయనే మూత పట్టుకొని పెట్టిండు. మేము మన్ను ఏసి వచ్చినం.

షెడ్డుకు వచ్చెవరకు లోడ్ ఎక్కుతుంది. యాదలక్ష్మి తల ఎత్తలె.

"ఏం చీరె కట్టిండ్రు?"

"తెల్లది."

"ముఖం ఎట్లుండె?"

"నిద్రపోయినట్టే ఉండె బిడ్డా."

తల ఊపింది. చేతిల ఉన్న టమాటను క్రేటుల పెట్టింది. ఇంకోటి తీసింది.

పని అయినంక పొద్దుమీకి అందరం బస్సెక్కి మళ్ల మంచాల పోయినం. ఏముంది ఆడ? తడి మన్ను కుప్ప, దాని మీద కంపెనీ దండ. యాదలక్ష్మి ఒంగి పిడికెడు మన్ను తీసి ఆ మన్ను మీదనే ఏసింది. జాకబ్ వచ్చి, "నీ కోసం మూత ఆపిన అక్కా" అన్నడు. "ఔనా" అన్నది. అంతే. ఏడ్వలె. ఆమె ఏడుస్తె మేము గూడ ఏడుద్దుమేమో. ఎవ్వలం ఏడ్వలె.

ఇగ ఆ దినం సంది షెడ్డుల సప్పుడు లేదు.

ఇది ఎట్ల చెప్పాల్నో నాకు తెల్వదు బిడ్డా. పని ఆగలె. టైముకు రాకుంట ఎవ్వలు లేరు. పొద్దుగాల వచ్చేది, కూసునేది, ఏరేది, లేసి పోయేది. నాకు గూడ గట్లనే అయింది. కొత్తిమీర కట్ట కట్టి చూస్తె, ఎప్పుడు కట్టిననో నాకే ఎరుక లేకపోయేది. నీళ్లల్ల నానిన మొద్దు లెక్క ఉండె ఒళ్లంత. ఎవ్వల మీద కోపం లేదు. ఏం లేదు. పగటీలి సద్దులు ఇప్పితె ఎవ్వల డబ్బలకు వాళ్లు ఒంగి తినేది. మూత ఏసుకొని కడుక్కొని పోయేది. ఒకనాడు ఇంద్రమ్మ పొరపాటున మూతల కూరేసి పక్కకు జరిపింది. అది రెండో మనిషి ముంగట ఆగింది. ఎవ్వలు ముట్టలె. సద్దులు అయిపోయినంక ఇంద్రమ్మనే తీసి కుక్కకు ఏసింది.

రాకేశ్ మాత్రం ఖుషీగుండె. ఎందుకు ఉండడు? ఫ్యాను అడుగుతలేరు, నీళ్లు అడుగుతలేరు. ఏం చెప్పినా "సరే సార్". "రేపు జర జల్ది రాండ్రి" అంటె "సరే సార్". "ఈ క్రేట్లు ఆ మూలకు పెట్టుండ్రి" అంటె "సరే సార్". క్రాంతికుమార్ సారు పట్నం నుంచి సూడనీకి వచ్చి, షెడ్డుల ఈ కొస నుంచి ఆ కొస దాంక నడిసి, "ఇంత మంచిగ, సప్పుడు లేకుంట పని జరిగే షెడ్డు నేనింకోటి సూడలె రాకేశ్" అని భుజం తట్టిండు. ఆయన పోయినంక రాకేశ్ నా దగ్గరికి వచ్చి నిలవడ్డడు.

"సూసినవా సుక్కవ్వా? ఎవ్వలు ఏం అంటలేరు. అందరికి పని అలవాటైంది."

"షెడ్డు మంచిగలేదు బిడ్డా" అన్న.

"ఏం మంచిగలేదు? చెప్పు, చేయిస్త."

నిజంగనే చేయించిండు. పాపం, చెడ్డోడు కాదు. బాత్రూం తలుపుకు గొళ్లెం పెట్టిచ్చిండు. కొత్త ఫ్యాన్లు తెచ్చిండు. మంచినీళ్ల డబ్బాలు దింపిచ్చిండు. ఒకనాడు అందరికి బిర్యానీ తెప్పిచ్చిండు. తిన్నరు. చేతులు కడుక్కున్నరు. ముందటి కాలమైతె యాదలక్ష్మి ఆ బిర్యానీల ముక్కలెన్ని, బొక్కలెన్ని లెక్కవెట్టి వారం దినాలు మాట్లాడేది. ఇప్పుడు, "ఎట్లుందక్కా?" అని ఆయన అడిగితె, "మంచిగుంది సార్" అన్నది.

ఇంకోటి సూసిన. గోడకు మేకులుండె, ఆ మేకులకు ఎవ్వల చాయ్ గిలాస వాళ్లది తలిగేసుకునేది. యాదలక్ష్మిది పచ్చ పువ్వుల గిలాస. ఒకనాడు అది కనవడలె. పలిగిందేమో అనుకున్న. తెల్లారి ఇంకొకలది లేదు. ఆ ఎనక కింద ఏసుకొని కూసునే బొంతలు పోయినయి. పాత చీరెలతోని కుట్టుకున్నయి, ఎండకాలం వానకాలం షెడ్డులనే పడి ఉండేయి. ఒక్కొక్కటే ఇంటికి పోయినయి. ఎవ్వలు చెప్పుకోలె, ఒకల్ని సూసి ఒకలు. ఖాళీ సంచి ఏసుకొని కూసునుడు మొదలు పెట్టిండ్రు. చాయ్ కాగితం కప్పుల తాగుతుండ్రు.

రాకేశ్ గోడ దిక్కు సూసి, "ఇప్పుడు షెడ్డు శుభ్రంగ కనవడ్తుంది" అన్నడు.

పొద్దుమీకి బస్సు కోసం నిలవడ్డప్పుడు యాదలక్ష్మిని అడిగిన. "పోతున్నవా బిడ్డా?"

"కోహెడ దిక్కు ఇంకో షెడ్డు పడ్తుందంట సుక్కవ్వా. మామిడికాయ ఏరనీకి మనుషులు గావాల్నంట. మనోళ్లందరం పోదామనుకుంటున్నం."

"ఆడ ఎక్కువిస్తరా?"

"ఈడ ఎంతో ఆడ గంతే. బస్సు గూడ దూరం."

"మరి?"

ఆమె బస్సు వచ్చే దిక్కు సూసింది. "ఏమో" అన్నది.

ఆమె పోతె షెడ్డు పోయినట్టే. గది నాకు తెలుసు, లారీ డ్రైవర్లకు తెలుసు, రైతులకు తెలుసు. అందుకే తెల్లారి పొద్దుగాలనే రాకేశ్‌తోని చెప్పిన. "బిడ్డా, యాదలక్ష్మి పోయేటట్టుంది. ఆమె ఎనక అందరు పోతరు. ఒకసారి కూసోని మాట్లాడు."

నవ్విండు. "ఏం అనకుంట ఎట్ల పోతది సుక్కవ్వా? యాదక్క సంగతి నాకు ఎరుక లేదా? కోపముంటె నన్ను నాలుగు తిట్టకుంట ఊకుంటదా?"

అగో, గదే బిడ్డా. తిడ్తలేదు కాబట్టి కోపం లేదనుకున్నడు. తిట్లు ఏడికి పోయినయని అడగలె.

ఆ వారంలనే లారీ సంగతి అయింది. దోర టమాట క్రేట్లు ఒక దిక్కు, పండినయి ఒక దిక్కు పెట్టుడు. దోరయి దూరం పోయే లారీల, పండినయి పట్నం లారీల. ఎక్కిచ్చేటోడు ఎల్లేశ్. మంచోడే గని పని మీద ధ్యానం ఉండదు. వాని మీద ఎప్పుడు యాదలక్ష్మి కూసున్న కాడికెల్లి ఒర్రేది, "ఏ ఎల్లిగా, గవి కాదుర, నీ కండ్లు ఇంటికాడ మర్సినవా?" అని. వాడు నాలుక కొరుక్కొని తిప్పి పెట్టేది. రోజు గదే భాగోతం.

ఆ దినం ఎల్లేశ్ పండిన క్రేట్లు తీసి దూరం పోయే లారీల ఎక్కిచ్చుడు మొదలు పెట్టిండు. యాదలక్ష్మి ముంగటికెల్లే పోతున్నడు. ఆమె కండ్లు ఎత్తి సూసింది. ఆమె పక్కనోళ్లు సూసిండ్రు. లారీ నిండింది. తాడు కట్టిండ్రు. పోయింది. నేను కట్టలు మోసుకొని అవతలి దిక్కు పోయిన, నేను వచ్చెవరకు లారీ తొవ్వెక్కింది.

తెల్లారి ఆ లారీ అట్లనే మళ్లి వచ్చింది. కింద నుంచి ఎర్రగ కారుతుంది. ఈగలు ముసిరినయి. దుకాండ్లోళ్లు దించుకోలేదంట. రాకేశ్ ముఖం తెల్లగైంది. పరుగున వచ్చి, "ఎవ్వలు సూడలేదా?" అని అరిసిండు. ఆయన అరుసుడు గూడ అదే మొదాలు.

"సూసినం సార్" అన్నది యాదలక్ష్మి.

"సూసి?"

"ఏమనలె సార్."

"ఎందుకనలె?"

ఆమె ఆలోచన చేసింది. నిజంగనే చేసింది, నేను సూసిన. జవాబు ఏడన్న ఉన్నదేమో అని ఎతికినట్టు. "ఎందుకో సార్. నోరు రాలె."

ఎల్లేశ్ గోడకు ఆనుకొని నిలవడ్డడు. "నువ్వు తిట్టకపోతివి గదనే అక్కా" అన్నడు మెల్లగ. "తిడ్తలేవంటె సక్కగనే ఎక్కిస్తున్న అనుకున్న."

రాకేశ్ ఒక్కొక్కల ముఖం సూసిండు. వాళ్ల ముఖాల భయం లేదు, పంతం లేదు. నష్టం చేసినమన్న ఖుషి గూడ లేదు. అప్పుడు భయపడ్డడు ఆ పిలగాడు. ఖాళీ క్రేటు బోర్లేసి నా పక్కన కూలవడ్డడు.

"ఏమైంది సుక్కవ్వా వీళ్లకు?"

"నీ ఇంట్ల ఎవ్వలన్న పోయిండ్రా బిడ్డా?"

"మా కాక పోయిండు. ఎందుకు?"

"ఎంతమంది వచ్చిండ్రు?"

"ఊరంత వచ్చింది."

"నువ్వు పోయినవా?"

"పరీక్ష ఇడిసిపెట్టి పోయిన" అన్నడు. అన్నంక ఆగిండు. ఆయన నోట్లెకెల్లి వచ్చిన మాట ఆయనకే ఇనవడ్డది. "నాకు గప్పుడు యాదికి రాలె అవ్వా. ఫోన్ల లోడ్ లోడ్ అంటుండ్రు. రూల్ అందరికి ఒక్కటే ఉండాలె అనుకున్న. దండ పంపినం గద అనుకున్న."

ఆదివారం నన్ను తోల్కొని మంచాల పోయిండు. జాకబ్ చర్చి నుంచి అప్పుడే వచ్చిండు. కుర్సీ ఏసిండు, నీళ్లిచ్చిండు. జాకబే అన్నడు, "దండ మంచిగుండె సార్. ఎండిపోయింది గని ఆ రిబ్బన్ ఇంకా ఆన్నే ఉంది" అని. ఎత్తిపొడుపు గాదు. మనిషి గట్లనే మాట్లాడ్తుండె అప్పుడు. ఆ ఎనక, మూత పెట్టకుంట ఆపిన సంగతి, మొగులు కమ్మిన సంగతి, యాదక్క రాని సంగతి చెప్పిండు. రాకేశ్ ఆ నీళ్ల గిలాస పట్టుకొనే ఉన్నడు, తాగలె. వచ్చేటప్పుడు సమాధి కాడికి పోయినం. పిడికెడు మన్ను తీసిండు. ఏయాల్నో వద్దో అని నా దిక్కు సూసిండు. ఏయి బిడ్డా అన్న.

సోమారం పొద్దుగాల యాదలక్ష్మి రాంగనే గేటు కాడ ఆపిండు. మేమందరం ఆగినం.

"తప్పైంది అక్కా. నిన్ను పంపాల్సింది. లోడ్ పోతె పోయేది. పోకు అక్కా, ఈ షెడ్డు ఇడిసిపెట్టి."

యాదలక్ష్మి సద్ది డబ్బ ఈ చేతికెల్లి ఆ చేతికి మార్చుకుంది.

"పట్నం నుంచి వచ్చినోడు గా మాటంటె లొల్లి చేద్దును" అన్నది. "క్రేట్లు ఎత్తేద్దును. తొవ్వ మీద కూసుందును. వానికి తెల్వదు గద, చెప్పాలె గద. నువ్వు కందుకూరోనివి. బాలనర్సింహ కొడుకువు. నీకు ఏమని చెప్పాలె? నీకు తెలుసు. తెలిసి గూడ ఇద్దరే పోండ్రి అన్నవ్. ఇగ దాని ఎనక మాట్లాడనీకి ఏముంటది?"

"తిట్టు అక్కా. నీ నోటికొచ్చినట్టు తిట్టు."

"తిడ్దామనే శానసార్లు అనుకున్న."

ఆమె నోరు తెరిసింది. మేమందరం సూస్తున్నం. నాకైతె ఆశ పుట్టింది, ఇప్పుడు వస్తదేమో, ఆ పాత గొంతు వస్తదేమో, వస్తె చాలు, ఇగ అన్ని సక్కగైతయి అని. ఆమె గట్లనే నిలవడి, మళ్ల మూసుకుంది.

"వస్తలేదు" అన్నది. సార్ అనలె. తమ్మీ అనలె.

ఆ దినం పొద్దుమీకే దాంక పని చేసింది. ఇంద్రమ్మను పక్కన కూసోబెట్టుకొని దోరదేందో, పండేందో, తొడిమ కాడ ఎట్ల ఒత్తి సూడాల్నో చూపిచ్చింది. లారీ పోయినంక కాళ్లు కడుక్కొని పోయింది. తెల్లారి రాలె. ఆమె ఎనక సగానికెక్కువ మంది పోయిండ్రు. ఉన్న కొద్దిమందితోని ఆ ఎండకాలం షెడ్డు ఈడ్సుకొచ్చింది. క్రాంతికుమార్ సారు మళ్ల వచ్చి రాకేశ్‌ను నిలవెట్టి అడిగిండంట, "మందికి ఇబ్బంది ఉన్నట్టు నీకు ముందుగాల ఎవ్వలు చెప్పలేదా?" అని. "చెప్పిండ్రు సార్, సప్పుడు జేయకుంట" అన్నడంట ఆ పిలగాడు. ఆ సారుకు అర్థమైందో లేదో.

రాకేశ్ ఆన్నే ఉన్నడు. కొత్త ఆడోళ్లు వచ్చిండ్రు. పనోళ్లల్ల ఎవ్వలింట్లనన్న సావైతె షెట్టరు కిందికి గుంజుతడు, లోడ్ ఉన్నా సరే. ఎవ్వలన్న కొత్తామె ఫ్యాను గురించి నోరు చేసుకుంటె నిలవడి ఇంటడు. నాకు మోకాళ్లు నొచ్చి పని బందు పెట్టిన గని, మొన్న బజార్ల కనవడ్డడు. యాదక్క మాట్లాడ్తదా అని అడిగిన. "కలిస్తె నమస్తే పెడ్తది అవ్వా" అన్నడు.

గంతే బిడ్డా కత. నీ కంపెనీల ఏసీలుంటయి, కంప్యూటర్లుంటయి, నాకు తెల్వదు. గని తిట్టేటోడు తిట్టుడు బందు పెట్టినప్పుడు, ఎప్పుడు నీతోని కొట్లాడే పిల్ల నువ్వేదంటె దానికి సరే మేడం అన్నప్పుడు, నువ్వు సంబురపడకు. లేసి పోయి వాళ్ల పక్కన కూసో. ఏమైందని అడుగు. ఏం కాలె అంటరు. మళ్ల అడుగు. నోరు ఉన్నప్పుడే అడుగు, పోయినంక నువ్వు కాళ్లు మొక్కినా రాదు.

ఈ కత మనసుల పెట్టుకో. నీ లెక్కనే రేపు ఇంకెవ్వలన్న పెద్దపని ఎక్కితె వాళ్లను గూడ పక్కన కూసోబెట్టుకొని చెప్పు. నా పేరు మర్సినా ఫికర్ లేదు, ఎవ్వరో ముసలామె అను. గని సునంద పేరు మాత్రం మర్వకు. మంచాల జాకబ్ పెండ్లాం, చింతచిగురు పప్పు మంచిగ వండేది, ఆమెకు మూత పెట్టకుంట ఇంకొకామె కోసం ఆగిండ్రు అని, గా ముచ్చట ఒక్కటి తప్పకుంట చెప్పు.